గట్టి నోటి స్పానియల్

ఇడ్వాల్ ప్రోసెర్ ఏ సరుకునైనా ముందు దాని లోపం వైపు నుంచే చూసేవాడు. లోపం ఉంటే ధర దిగుతుంది. ఆ లోపాన్ని పోగొట్టగలిగితే దిగిన మేరంతా కొన్నవాడిది. గొర్రెలు, దాణా, పాత ట్రాక్టర్లు, వేటకుక్కలు, ఏది కొన్నా ఇదే పద్ధతి. వేల్స్ సరిహద్దు కొండల్లో పెళ్ళయిన నాటి నుంచీ అతని ఇల్లు ఈ పద్ధతి మీదే నడుస్తోంది. మంచి సరుకు ఎవడైనా కొంటాడనీ, చెడ్డ సరుకులో మంచిని చూసి కొనేవాడే వ్యాపారి అనీ అతని నమ్మకం.

బ్రిత్‌ని కూడా అలాగే కొన్నాడు.

సోమవారం పశువుల సంతలో, గొర్రెల దొడ్డి కమ్మీకి ఆనుకుని సెల్విన్ బఫ్టన్ నిలబడి ఉన్నాడు. పక్క లోయలో పెద్ద ఎస్టేటుకి వేటపక్షుల కాపలాదారు. కాళ్ళ దగ్గర తాడు కట్టి ఒక ఆడ స్పానియల్ జాతి వేటకుక్క. తెలుపు మీద కాలేయం రంగు మచ్చలు, ముక్కు పొడవునా నువ్వులు జల్లినట్టు చుక్కలు. వయసులో ఉన్న కుక్క.

"అమ్ముతున్నావా?" అన్నాడు ఇడ్వాల్, కుక్క వైపు చూడకుండా.

"ఎవడైనా కొంటే. నోరు గట్టిది. పక్షిని తెస్తుంది గానీ, తెచ్చేసరికి అది సూపులోకి తప్ప దేనికీ పనికిరాదు. ఎముకలన్నీ పిండి."

"ముక్కు?"

"ముక్కు గురించి అడక్కు, నాకు ఏడుపొస్తుంది. రాత్రి వెళ్ళిన కుందేలు పొద్దున్న ఏమాలోచిస్తోందో కూడా చెబుతుంది. కాల్చేద్దామనుకున్నాన్రా. మా ఆవిడ ఒకటే ఏడుపు."

"నీ కోసం ఎప్పుడైనా ఏడ్చిందా?"

"నన్నింకా కాల్చలేదుగా."

ధర చెప్పడానికి సెల్విన్ నోరు తెరిచాడు. మాట పూర్తిగా బయటికి రాకముందే ఇడ్వాల్ అరచెయ్యి వెళ్ళి అతని అరచేతిని చరిచింది. ఆ సంతలో చెయ్యి చరిచేదాకా మాటలన్నీ గాలే. చరిచాక రాజు దిగివచ్చినా బేరం తిరగదు. ఇడ్వాల్ చెయ్యి సంగతి ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఎదుటివాడు రెండో ఆలోచనలో పడేలోగా వచ్చి పడుతుంది. అతని సంపాదనంతా ఆ తొందరలోనే ఉంది.

"నీ చేతికి కళ్ళున్నాయిరా," అన్నాడు సెల్విన్, తాడు అందిస్తూ.

ఇంటి వెనక తలుపు దగ్గర అతని భార్య నెస్టా కుర్చీలో కూర్చుని ఉంది. కిందటి శీతాకాలంలో ఒక పొద్దున్న టీ పోస్తూ పోస్తూ పక్షవాతం వచ్చి పడిపోయింది. మాట నిలబడింది, కాలు కొంత తేరుకుంది, ఎడమచెయ్యి మాత్రం పిడికిలి బిగుసుకుని ఒళ్ళో ఉండిపోయింది. రోజూ కుడిచేత్తో ఆ వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, అరచెయ్యి పైకి పెట్టి, ఉన్నంతసేపు ఉంచాలని ఆసుపత్రిలో చెప్పారు. ఎవరైనా చూస్తుంటే ఆవిడ ఆ పని చేసేది కాదు.

"ఏమయ్యా, ఇదెవరు?"

"బ్రిత్. నోరు బాగాలేదని చవగ్గా వచ్చింది."

"ఇంట్లో చెయ్యి పనిచెయ్యనిదాన్ని ఒకదాన్ని పెట్టుకుని, నోరు పనిచెయ్యనిదాన్ని ఇంకోదాన్ని తెచ్చావా?"

"దీనికి నోరు పనిచేస్తుంది. అవసరానికి మించి పనిచేస్తుంది."

"అయితే మా జట్టే," అంది నెస్టా. కుక్క వెళ్ళి ఆవిడ చెప్పుల మీద గడ్డం ఆనించింది.

వసంతం, వేసవి శిక్షణలో గడిచాయి. బ్రిత్‌కి నేర్పాల్సింది తక్కువ. గాలికి ఎదురుగా పొలాన్ని ఒక చివర నుంచి ఇంకో చివరకి కోస్తూ, మనిషికి తుపాకీ దూరం దాటకుండా వెతకడం దాని రక్తంలోనే ఉంది. ఈల పొడుగ్గా ఊదితే ఉన్నచోటే చతికిలబడేది. కుందేళ్ళ దొడ్లోకి తీసుకెళితే, కుందేలు ముక్కు ముందు నుంచి దూకినా వెంటపడకుండా కూర్చుని చూసేది. ఒళ్ళంతా వణికేది, వెనకభాగం మాత్రం నేల విడిచేది కాదు. ఇడ్వాల్ మనసులో సరుకు విలువ రోజురోజుకీ పెరుగుతూ వచ్చింది.

చిక్కంతా తెచ్చి ఇవ్వడంలోనే. రంపంపొట్టు కూరిన కాన్వాసు డమ్మీని విసిరితే బాణంలా వెళ్ళి తెచ్చేది. చేతికి అందే దూరం వచ్చాక దవడ బిగిసేది, కళ్ళు పక్కకి తిరిగేవి. ఇడ్వాల్ లాగేవాడు, అది వదిలేది కాదు. వదిలాక చూస్తే కాన్వాసు మీద పళ్ళగుంటలు. పోటీల్లో జడ్జి ప్రతి పక్షినీ చేతిలోకి తీసుకుని బొటనవేలితో రెండు పక్కలా ఎముకలు తడిమి చూస్తారు. ఒక పక్క నలిగినా కుక్క బయటికే, ఎంత ముక్కున్నా సరే.

డమ్మీకి ముళ్ళతీగ చుట్టమని సెల్విన్ సలహా ఇచ్చాడు. గట్టిగా పట్టుకుంటే పళ్ళకి గుచ్చుకుని నేర్చుకుంటుందట. ఇడ్వాల్ చుట్టాడు. చిగుళ్ళలో నెత్తురొచ్చినా బ్రిత్ వదల్లేదు, అతని ముఖంలోకి చూస్తూ ఇంకా బిగించింది. ఇడ్వాల్ తీగ విప్పి కంచె అవతలకి విసిరేశాడు. ఆ రోజుకి ఇంకేమీ చెయ్యలేదు. ఈ సరుకు లోపం పోయేది కాదేమోనని మొదటిసారి అనిపించింది. పెట్టుబడి పోతుందన్న దిగులు కన్నా ఆ చిగుళ్ళే ఎక్కువ గుర్తొచ్చి చిరాకుపడ్డాడు.

మర్నాడు దాణా బస్తాలు దించి పెరట్లోకి వస్తూ, కొట్టం మూల దగ్గర ఆగిపోయాడు. ఎవరూ లేరనుకుని నెస్టా వేళ్ళు విప్పుకుంటోంది. చిటికెనవేలు, ఉంగరంవేలు, ఒక్కొక్కటే ముడి విప్పినట్టు విప్పి, అరచెయ్యి పైకి పెట్టి ఒళ్ళో వదిలేసింది. వదిలేసి కొండ వైపు చూస్తూ కూర్చుంది. బ్రిత్ ఆ చేతిని చాలాసేపు చూసింది. లోపలికి వెళ్ళి నెస్టా ఉన్ని చేతితొడుగు ఒకటి పట్టుకొచ్చింది. దగ్గరికి వచ్చింది, ఆగింది, చెయ్యి వైపు చూసింది. చెయ్యి కదల్లేదు, కదిలే శక్తి దానికి లేదు. కుక్క దవడ మెల్లిగా వదులైంది. తొడుగు అరచేతిలో పడింది.

"దొంగముండా, కడిగి ఆరేసింది కదే అది," అంది నెస్టా. కొండ మీంచి చూపు తిప్పకుండానే నవ్వుతోంది.

ఇడ్వాల్ వెనక్కి తగ్గి, ముందు తలుపు గుండా వెళ్ళి, అప్పుడే వచ్చినట్టు దగ్గుతూ పెరట్లోకి వచ్చాడు. తొడుగు తీసి చూశాడు. ఒక్క పంటిగుంట లేదు.

సంగతి అర్థమైంది. సెల్విన్ పక్షుల్ని లాక్కుని ఉంటాడు, తనూ అదే చేస్తున్నాడు. లాక్కునే చెయ్యి ఎదురైతే ఎవరైనా బిగించి పట్టుకుంటారు. బేరంలో అతను రోజూ చూసేదే. ఎదుటివాడు మరీ తొందరపడితే సంచి మూతి బిగించని రైతు లేడు. తన పని తనకే తెలియనట్టయిందని ఇడ్వాల్ గొణుక్కున్నాడు.

అయితే అర్థం కావడం వేరు, చెయ్యి వినడం వేరు. మర్నాడు అరచెయ్యి పైకి పెట్టి కూర్చున్నాడు. డమ్మీ చర్మానికి తగిలీ తగలకముందే వేళ్ళు వాటంతటవే మూసుకున్నాయి. బ్రిత్ గబుక్కున వెనక్కి లాగింది.

"నీది సంత చెయ్యి," అంది నెస్టా కుర్చీలోంచి. "పట్టుకోకపోతే దానికి నిద్రపట్టదు."

"నువ్వెలా పెడుతున్నావు మరి?"

"నేనేం పెడుతున్నానయ్యా? అదక్కడ ఉంటుంది, అంతే. నా మాట వినడం మానేసింది కదా. నీ చెయ్యి నీదని మర్చిపో. పక్కింటివాడి చెయ్యి నీ మోకాలి మీద మర్చిపోయి వెళ్ళాడనుకో."

"పక్కింటివాడి చెయ్యి నా మోకాలి మీదెందుకుంటుంది?"

"సరే, సెల్విన్ పెళ్ళాం చెయ్యనుకో. కదలకుండా అయినా కూర్చుంటావు."

అలా మొదలైంది. రోజూ మధ్యాహ్నం టీ అయ్యాక ఇడ్వాల్ బోర్లించిన బకెట్ మీద, నెస్టా కుర్చీలో, ఎదురుగా బ్రిత్. ఎడమచేతికి సంత అలవాటు తక్కువని ఇడ్వాల్ దాన్నే మోకాలి మీద వదిలేవాడు. ముఖం పక్కకి తిప్పి దాణా కొట్టు రేకులు లెక్కపెట్టేవాడు. కుక్క వస్తుంది, చూస్తుంది, పోతుంది. మళ్ళీ వస్తుంది. నెస్టా పక్కనుంచి అంటూనే ఉండేది: "భుజం బిగిసింది చూడు, భుజం. దానికి నీ భుజం కూడా చదవడం వచ్చు." ముందు తొడుగు, తర్వాత డమ్మీ, తర్వాత కోడిగుడ్డు, తర్వాత చచ్చి చల్లబడిన పావురం. గోరువెచ్చటి గుడ్డు పగలకుండా అతని చేతిలోకి దొర్లిన రోజున ఇడ్వాల్ లేచి టోపీ గాల్లోకి విసిరాడు. బ్రిత్ పరిగెత్తుకెళ్ళి దాన్ని కూడా తెచ్చి ఇచ్చింది.

ఈ పాఠాల్లో ఇంకొకటి జరుగుతోంది. కుక్క కోసం నెస్టా చెయ్యి తెరిచి ఉంచుతోంది. అది వచ్చేదాకా ఉంచాలి కాబట్టి ఉంచుతోంది. మూసుకోబోయే వేళ్ళు కుక్క ముక్కు చూసి ఆగుతున్నాయి. ఒక రోజు బొటనవేలు కుడిచేతి సాయం లేకుండానే కొంచెం పక్కకి జరిగింది. ఇడ్వాల్ చూశాడు. అతను చూశాడని నెస్టా చూసింది. ఇద్దరూ వాన వస్తుందా రాదా అని మాట్లాడుకున్నారు.

ఆకులు రాలే కాలంలో థర్లో వచ్చాడు. సరిహద్దు అవతల ఇంగ్లండు వైపు పెద్ద భూములున్న మనిషి. తన వేటపక్షులకి దాణా ఇడ్వాల్ దగ్గరే కొంటాడు. కొండవాలులో బ్రిత్ వెతకడం చూసి, బస్తాల లెక్క మధ్యలోనే వదిలేశాడు.

"ప్రోసెర్ గారూ, దీన్ని నాకివ్వండి."

"అమ్మడానికే తెచ్చానండి."

"డిసెంబరు పోటీలో నిలబెట్టండి. ఏ గుర్తింపు వచ్చినా సరే, ఆ మర్నాడే ఆదివారం నేనొస్తాను. అప్పుడే చెయ్యి చరుద్దాం. పరీక్షించకుండా నేను కుక్కని కొనను."

"న్యాయమే," అన్నాడు ఇడ్వాల్. నిజంగా న్యాయమే. సరుకు చవగ్గా వచ్చింది, లోపం పోయింది, ఆస్తిపరుడు ఎదురు చూస్తున్నాడు. అతని జీవితంలో ఇంతకన్నా నిండైన బేరం పడలేదు. అయినా ఆ సాయంత్రం రొట్టె మీద వెన్న రాస్తూ రాస్తూ అంచు దాటించి బల్లకి కూడా రాశాడు.

"అమ్మేదేగా?" అంది నెస్టా. కిటికీ తెరిచే ఉంది, అన్నీ విన్నది.

"అమ్మేదే."

"మంచిది. మనింటికొచ్చిన కుక్కలన్నీ అమ్మేవే." అంతకుమించి ఏమీ అనలేదు. బన్ను రొట్టె కొనేటప్పుడు కూడా బేకరీవాడితో ఒక మాట ఎక్కువ మాట్లాడే మనిషి. బేరమాడని నెస్టా అంటే ఇడ్వాల్‌కి భయం. వద్దని ఆవిడ ఒక్క మాటంటే మానేసేవాడు. ఆ మాట ఆవిడ అనదు. తన చెయ్యి పనిచెయ్యదు కాబట్టి ఇంటికి ఆదాయం తగ్గిందని లోపల్లోపల లెక్క వేసుకుంటోంది. ఆ లెక్క తప్పని ఇడ్వాల్ చెప్పాలంటే ముందు అది తనకి తెలుసని ఒప్పుకోవాలి. పెళ్ళయినప్పటి నుంచీ ఇలాంటి మాటలు వాళ్ళిద్దరూ వాన కబుర్ల కిందే దాచుకున్నారు.

పోటీ రోజున నేల మంచుతో తెల్లగా ఉంది. ఎర్రబారిన ఫెర్న్ పొదలు నడుం ఎత్తున కొండంతా పరుచుకున్నాయి. వరసగా తుపాకీవాళ్ళు, మధ్యలో జడ్జిలు, చెరో పక్క ఒక కుక్క, ఒక మనిషి. వెనకాల తాడు అవతల చూసేవాళ్ళు. వాళ్ళలో సెల్విన్, చేతిలో ఫ్లాస్కు.

"ఒరే ఇడ్వాల్, సంచి తెచ్చుకున్నావా? పిండి పోసుకెళ్ళడానికి!"

తాడు వెంట నవ్వులు. ఇడ్వాల్ బ్రిత్ మెడపట్టీ విప్పి జేబులో పెట్టుకున్నాడు. పోటీలో కుక్క మెడకి ఏమీ ఉండకూడదు. పట్టీ లేని ఆ మెడ అతనికి చిన్నపిల్ల మెడలా కనబడింది.

అతని వైపు జడ్జి మిసెస్ కాడ్వాలడర్. పొట్టి మనిషి, పెద్ద బూట్లు, మాట పొదుపు. "మొదలుపెట్టండి," అంది.

బ్రిత్ ఫెర్న్ పొదల్లోకి దిగింది. తోక కనబడుతోంది, మాయమవుతోంది. మొదట అడవికోడి లాంటి ఫెజెంట్ పెట్ట ఒకటి దగ్గర్లోనే లేచింది, బ్రిత్ కూర్చుంది, తుపాకీ పేలింది, పక్షి మెత్తటి గడ్డిలో పడింది. తెచ్చి ఇడ్వాల్ ఎడమచేతిలో పెట్టింది. మిసెస్ కాడ్వాలడర్ బొటనవేలితో తడిమి, ఏమీ అనకుండా పక్షిని సంచిలో వేయించింది. ఏమీ అనకపోతే మంచిదన్నమాట.

రెండోది పుంజు. రెక్కకి మాత్రమే దెబ్బ తగిలి, పడగానే లేచి వాలులోకి పరుగెత్తింది. "పంపండి," అంది జడ్జి. బ్రిత్ వాసన పట్టుకుని కంచె దాటింది, వాగు దాటింది, కనబడలేదు. తాడు అవతలివాళ్ళు మునివేళ్ళ మీద లేచి చూశారు. అలాంటి పక్షిని తెచ్చిన కుక్క పేరు శీతాకాలమంతా సారాకొట్లలో వినబడుతుంది. చాలాసేపటికి వాగు ఒడ్డున మచ్చల తల పైకి వచ్చింది. నోట్లో పుంజు, ప్రాణంతో, మెడ ఎత్తి చుట్టూ చూస్తోంది.

చప్పట్లు మొదలయ్యాయి. ఇడ్వాల్ గుండె పొంగింది. గుండెతోపాటు కుడిచెయ్యి లేచింది. ముప్పై ఏళ్ళ అలవాటు, లాభం కనబడగానే దానంతటది ముందుకెళ్ళింది.

బ్రిత్ ఆగిపోయింది. చేతికందని దూరంలో. కళ్ళు పక్కకి తిరిగాయి, దవడ దగ్గర కండ కదిలింది. పుంజు రెక్క ఒకసారి కొట్టుకుంది.

ఇడ్వాల్‌కి ఆ కండ కనబడింది. ఇంకొక అర బిగింపు చాలు, ఎముక విరుగుతుంది. విరిగితే కుక్క ఈ పోటీ నుంచి బయటికి. థర్లో రాడు. బ్రిత్ ఇంట్లోనే ఉంటుంది, ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు. ఈ లెక్క అతని బుర్రలో రెప్పపాటులో పూర్తయింది. లెక్కలు అతనికి ఎప్పుడూ తొందరగానే వస్తాయి. కాని ఆ బిగింపుతో ఈ కుక్క పేరు ఎప్పటికీ గట్టి నోటిదిగానే మిగిలిపోతుంది. నెస్టా ఆ కుర్చీలో కూర్చుని విప్పినదంతా తన ఒక్క చేత్తో తాను మూసేసినట్టవుతుంది.

కుడిచెయ్యి జేబులో పెట్టేసుకున్నాడు. ఆ మంచులోనే, తడి ఫెర్న్‌ల మీద చతికిలబడ్డాడు. ఎడమచెయ్యి మోకాలి మీద వదిలేసి, ముఖం తిప్పి అవతలి కొండ మీద గొర్రెల్ని చూడసాగాడు.

"పోయాడు! వీడికీ వచ్చింది పక్షవాతం!" అన్నాడెవడో. సెల్విన్ వాడి పక్కలో మోచేత్తో పొడిచాడు.

మిసెస్ కాడ్వాలడర్ కనుబొమలు ఎత్తింది. చలి పంట్లాంలోంచి ఇడ్వాల్ ఎముకల్లోకి పాకింది. పక్కింటివాడి చెయ్యి, అనుకున్నాడు, పక్కింటివాడు మర్చిపోయి వెళ్ళిన చెయ్యి. గొర్రెలు ఎటువైపు మేస్తున్నాయో చూశాడు. అప్పుడు వేడి ఊపిరి మణికట్టుకి తగిలింది. ఈకలు అరచేతిలో బరువుగా దిగాయి.

అతను పుంజుని మెడ ఒక్క మెలిక తిప్పి బాధ లేకుండా చంపి జడ్జికి ఇచ్చాడు. ఆవిడ ఒక పక్క తడిమింది. తిప్పి రెండో పక్క తడిమింది. మళ్ళీ మొదటి పక్క.

"గుడ్డులా ఉంది," అంది. "కూర్చున్నారెందుకు?"

"మోకాలు నొప్పండి, మేడమ్." వ్యాపార రహస్యాలు ఎవరికీ చెప్పే అలవాటు అతనికి లేదు.

"కుక్క ఆగింది, మార్కులు పోతాయి. మొదటి బహుమతి రాదు."

రాలేదు. యోగ్యతా పత్రం వచ్చింది. సెల్విన్ వచ్చి ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చాడు. కొంతసేపు బ్రిత్ చెవులు సవరించాడు. "నా దగ్గరున్నప్పుడు ఇదెప్పుడూ నా వైపు ఇలా చూడలేదురా," అని మాత్రం అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం థర్లో కారు పెరట్లో ఆగింది. నెస్టా మంచి స్వెటరు వేసుకుని కుర్చీలో కూర్చుంది. బ్రిత్‌ని ఆవిడే ఒక్క చేత్తో దువ్వింది. సరుకు చూపించే రోజున శుభ్రంగా ఉండాలి కదా.

థర్లో తన తోలు చేతితొడుగు తీసి గడ్డిలోకి విసిరాడు. బ్రిత్ తెచ్చింది. అతను వంగి తొడుగు అంచు పట్టుకుని లాగాడు. దవడ బిగిసింది. తొడుగు చిరిగినంత పనైంది.

"అరె, గట్టి నోరే ఇది! మీరు చెప్పనేలేదు!"

ఇడ్వాల్ నోరు మూసుకుని ఉంటే ఆ బేరం అక్కడితో ముగిసేది. తప్పు అతనిది కాదు, మాట తప్పినట్టూ కాదు, కుక్క మిగిలిపోతుంది. అయితే తన పెరట్లో, తన ఎదుట, లోపం లేని సరుకుని లోపమున్నదంటే ఊరుకోవడం అతనికి పుట్టుకతో రాలేదు.

"దాని నోరు మెత్తనిదే. మీ చెయ్యే గట్టిది," అన్నాడు, అనేశాక నాలిక కరుచుకున్నాడు. ఇక ఆగి లాభం లేదు. "కూర్చోండి సార్, ఆ బకెట్ మీద. చెయ్యి మోకాలి మీద పెట్టండి. కాదు, పైకి. ఇప్పుడు అటు చూడండి, దాణా కొట్టు వైపు."

"ఏముంది అక్కడ?"

"ఏమీ లేదు. అందుకే చూడమంటున్నాను."

ఖరీదైన కోటుతో థర్లో బకెట్ మీద కూర్చున్నాడు. తొడుగు మళ్ళీ విసిరారు. నెస్టా అలవాటుకొద్దీ "భుజం, భుజం" అంది. థర్లో భుజం దించాడు. కాసేపటికి తొడుగు అతని అరచేతిలోకి ఆకు రాలినట్టు రాలింది. పెద్దమనిషి ముఖం చిన్నపిల్లాడి ముఖమైపోయింది.

"ఇచ్చింది! నాకిచ్చింది!" లేచాడు. ధర చెప్పాడు. ఇడ్వాల్ అడగాలనుకున్నదాని కన్నా బాగా ఎక్కువ. చెప్పి, అరచెయ్యి చాచాడు.

ఇడ్వాల్ కుడిచెయ్యి జేబులో ఉంది. అది రాలేదు. రమ్మని అతను చెప్పలేదు, వద్దని కూడా చెప్పలేదు. థర్లో చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. తెరిచి, కదలకుండా, ఎదురుచూస్తూ ఉన్న చెయ్యి కనబడేసరికి బ్రిత్ థర్లో జేబులోంచి గడ్డిలో జారిన రెండో తొడుగు వెతికి తెచ్చి, వెనకకాళ్ళ మీద లేచి, అందులో పెట్టింది.

నెస్టా పక్కున నవ్వింది. నవ్వి, మొగుడి జేబు వైపు చూసింది.

"ఏమయ్యా, చెయ్యి ఏమైంది? నాకొచ్చిందే నీకూ వచ్చిందా?"

"వచ్చినట్టే ఉంది," అన్నాడు ఇడ్వాల్. "థర్లో గారూ, తప్పు నాదే. అమ్ముతానన్నాను, అప్పుడు నిజంగానే అన్నాను. కుక్కకి నయమైంది. ఈ ఇంట్లో ఇంకా నయం కావలసినవాళ్ళున్నారు. దాంతో పని ఉంది."

"మీరు నన్ను సరిహద్దు దాటించి పిలిచి..."

"చెయ్యి చరచలేదు కదండి," అంది నెస్టా. మొగుడి ముఖం చూడకుండా, తల వంచుకుని, చాలా నెమ్మదిగా. "దాణా ధర పెంచడులెండి మా ఆయన. పెంచితే నాకు చెప్పండి."

థర్లో చేతిలోని తొడుగు చూసుకున్నాడు. కోపం రావాల్సినంత వచ్చినట్టు లేదు. "దీనికి పిల్లలు పుడితే?"

ఇడ్వాల్ తల ఎత్తాడు. "మొదటి ఎంపిక మీదే. వసంతంలో జత కలుపుతాం. కానీ బేరం ఆవిడతో. కుక్క ఆవిడది."

ఆ మాట అతను అప్పుడే మొదటిసారి అన్నాడు. అన్నాక అది ఎప్పటి నుంచో నిజమని తోచింది.

థర్లో నెస్టా ముందుకు వచ్చి చెయ్యి చాచాడు. ఆవిడ కుడిచెయ్యి బాగానే ఉంది. అది బ్రిత్ తల మీద అలాగే ఉంది. ఎడమ పిడికిలి ఒళ్ళోంచి కొంచెం లేచింది. చిటికెనవేలు కదిలింది. ఇడ్వాల్ అడుగు ముందుకు వేయబోయి ఆగాడు. థర్లో బకెట్ దగ్గరికి లాక్కుని కూర్చుని, చెయ్యి మోకాలి మీద పెట్టి, దాణా కొట్టు వైపు చూడసాగాడు. ఉంగరంవేలు విడింది. నడిమివేలు వణికి, ఆగి, విడింది. బొటనవేలు అన్నిటికన్నా మొండిది. నెస్టా పెదవి కొరుక్కుంది. బ్రిత్ ఆ చేతినే చూస్తూ తోక నేలకేసి మెల్లిగా కొడుతోంది.

చరిచిన చప్పుడేమీ రాలేదు. అరచెయ్యి అరచేతి మీద వాలింది, అంతే.

"కుదిరింది," అన్నాడు థర్లో, ఇంకా కొట్టు వైపే చూస్తూ.

కారు వెళ్ళిపోయాక ఇడ్వాల్ బకెట్ మీద కూర్చున్నాడు. కొండ మీద వెలుతురు తగ్గుతోంది. టీ పెట్టాలి, గొర్రెలకి మేత వెయ్యాలి. అకస్మాత్తుగా లేచి నిలబడ్డాడు.

"నెస్టా! కుక్కపిల్ల ధర చెప్పనేలేదు!"

"ఇప్పుడు గుర్తొచ్చిందా?"

"ధర చెప్పకుండా చెయ్యి కలపడం సంతలో తెలిస్తే సెల్విన్ నన్ను బతకనివ్వడు."

"వసంతంలో చెప్పొచ్చులే," అంది నెస్టా. పిడికిలి మళ్ళీ ముడుచుకుంటోంది, మునుపటంత గట్టిగా కాదు. "అప్పటికి గట్టిగా చరిచేలా అవుతుంది నా చెయ్యి. ధర కూడా గట్టిగానే చెబుతాను. నువ్వు పక్కన నిలబడి గొర్రెల్ని చూస్తూ ఉండు."